గుర్తు లేదన్న అంకె

ఆ అంకె ఎందుకుందో నాకు తెలుసు. పట్టపగలు, తోటివాళ్ళందరి ఎదుట సూటిగా అడిగితే గుర్తు లేదన్నాను. ఆ తర్వాత దివిసీమలో నారుమళ్ళు మాడిపోయి, రైతులు మా ఆఫీసుకు వచ్చి నిలదీసినప్పుడు కూడా నోరు విప్పలేదు.

మా ఆఫీసులో ఈ సంగతి ఇంకోలా చెప్పుకుంటారు. కొత్తగా వచ్చినావిడ ఏవో కొత్త పద్ధతులు పెట్టి, ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో కట్టిన ప్రోగ్రామును పాడుచేసిందనీ, చివరికి ఆయనే పూనుకుని చిటికెలో బాగుచేశాడనీ. ఆ పెద్దాయన నేనే. నా వీడ్కోలు సభలో కూడా ఒకాయన ఇదే కథ చెప్పి చప్పట్లు కొట్టించాడు. మెళ్ళో దండ వేసుకుని నేనూ విన్నాను.

ఈ మధ్య కాలేజీల్లో పిల్లలు పిలిచి, పరిశోధన కోసం రాసే సాఫ్ట్‌వేరు పదికాలాలు నిలవాలంటే ఏం చెయ్యాలండీ అని అడుగుతున్నారు. మొదట్లో ఏదో గంభీరంగా చెప్పి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నిలబెట్టడం తెలిసిన మనిషి వేరే ఉంది. నాకు తెలిసింది పడగొట్టడం.

బందరులో మాదొక చిన్న పరిశోధన కేంద్రం. ఉప్పునీటి మీద పని. దివిసీమ శివారు పొలాలకు కాలువ నీళ్ళు ఆలస్యంగా చేరతాయి. అలాంటప్పుడు రైతులు మురుగు డ్రెయిను గట్టున ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడుకుంటారు. అమావాస్యకో పున్నమికో సముద్రం పోటెత్తితే ఉప్పునీరు ఆ డ్రెయిను వెంట లోపలికి ఎగదన్నుతుంది. ఆ నీళ్ళు పెడితే నారు మాడిపోతుంది. ఏ వారం తోడుకోవచ్చు, ఏ వారం ఆగాలి అని ముందుగా చెప్పే ప్రోగ్రాము నేను రాశాను. డ్రెయిను సముద్రంలో కలిసేచోట నీటిమట్టం కొలిచే స్తంభం ఒకటుంది. ఆ కొలతా, ఎగువన వదిలే నీళ్ళ లెక్కా తీసుకుని అది జవాబు చెప్పేది. జవాబు రైతుల ఫోన్లకు వెళ్ళేది.

రాశాను అన్నానుగానీ, నిజానికి అది నా తలలో ఉండేది. కంప్యూటర్లో ఉన్నది సగమే. ఏ రోజు ఏ లెక్క ముందు నడపాలి, ఏది మొరాయిస్తే ఎక్కడ తట్టాలి, అంతా నాకే తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. కూచిపూడిలో మా బావమరిది కూతురి పెళ్ళి జరుగుతుంటే పందిరి వెనక వంటవాళ్ళ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను.

"అది ప్రోగ్రామా, చంటిపిల్లా? నువ్వు పక్కన లేకపోతే గుక్కపట్టి ఏడుస్తుందా?" అంది మా ఆవిడ, పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని నిలబడి.

నేను నవ్వాను. ఆ మాట నాకు పొగడ్తలా వినిపించింది. ఏళ్ళ తరబడి సెలవు పెట్టలేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. నేను లేకపోతే నడవదు. ఆ ఒక్క మాట మీద నా ఉద్యోగమంతా నిలబడి ఉంది.

అలాంటప్పుడు ఆవిడ వచ్చింది.

కాంట్రాక్టు మీద తీసుకున్న శాస్త్రవేత్త. దివిసీమ పల్లెలో పుట్టింది. వాళ్ళ తాత కౌలు చేసేవాడట, తండ్రి మిషన్ బడిలో పంతులు. ప్రోగ్రామును పెద్దది చేసి కృష్ణా తీరమంతటికీ పనికొచ్చేలా తయారుచెయ్యమని ఆవిడకు అప్పగించారు. కింద నలుగురు కుర్రవాళ్ళనిచ్చారు. నన్ను సలహాదారుగా ఉండమన్నారు. సలహాదారు అంటే పక్కన కూర్చోమనడమే అని నాకు అర్థమైంది.

మొదటి వారంలోనే నా టేబుల్ దగ్గరకు వచ్చింది.

"సార్, మీరొకరోజు సెలవు పెట్టండి."

"ఎందుకమ్మా? ఒంట్లో బాగానే ఉందే."

"మీరు లేకపోతే ఏమవుద్దో చూద్దామని సార్. ఫోను కూడా తియ్యకూడదు."

పంతానికి పెట్టాను. ఇంట్లో మంచం మీద పడుకుని, ఇప్పుడు ఆగిపోయి ఉంటుంది, ఇప్పుడు తలలు పట్టుకుని ఉంటారు అని ఊహించుకుంటూ రోజంతా సంతోషంగా గడిపాను. మర్నాడు వెళ్తే నిజంగానే ఆగిపోయి ఉంది. ఎక్కడెక్కడ ఆగిందో వరసగా బోర్డు మీద రాసిపెట్టారు. నా గొప్పతనానికి సాక్ష్యం అనుకుని తృప్తిగా చదివాను. ఆవిడ మాత్రం దాన్ని పనుల జాబితాలా చూస్తోంది. "ఇందులో వారానికొకటి తీసేద్దాం" అంది కుర్రవాళ్ళతో. వారం వారం బోర్డు మీద ఒక్కో గీత చెరిగిపోతుంటే, నా జీవితంలోంచి ఎవరో ఒక్కో ఇటుకా పీకుతున్నట్టుండేది.

తర్వాత బుధవారాలు మొదలయ్యాయి.

బుధవారం మధ్యాహ్నం అందరూ ఒక గదిలో కూర్చునేవారు. ఒకరు రాసింది ఇంకొకరు చదివి, ఏ వరస ఏం చేస్తుందో పైకి చెప్పాలి. రాసినవాడు మాట్లాడకూడదు. అదీ నియమం. చదివేవాడికి అర్థం కాకపోతే తప్పు వాడిది కాదు, రాసినవాడిది. చివర్లో రాసినవాడికి ఒకసారి నోరు విప్పే అవకాశం. మార్చవలసింది ఏదైనా ఉంటే అక్కడే మారుస్తారు. ఎందుకు మార్చారో పక్కనే మామూలు మాటల్లో రాస్తారు.

మొదటిసారి ఆవిడ రాసిందే చదవమని ఇచ్చింది. మంగినపూడి దారిలోని పల్లెకారుల ఊరి నుంచి వచ్చిన కుర్రవాడొకడుండేవాడు. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. ఆ ఊళ్ళో ఇంజనీరింగు చదివిన మొదటివాడు. మహా భయస్థుడు. వాడు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"అక్కా, ఇక్కడ... ఇక్కడ నెల తిరిగినప్పుడు లెక్క తప్పుద్దేమో అక్కా."

ఆవిడ వంగి చూసింది. "అమ్మో! తప్పడం కాదురా, మునిగిపోద్ది" అని పడిపడి నవ్వింది. "చూశారా, నా పరువు కాపాడాడు. టీలు నా లెక్క."

ఆ కుర్రవాడి మొహం వెలిగిపోయింది. నేను ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. అంతకు ముందు వాడు నా దగ్గర పనిచేశాడు. ఎన్నోసార్లు నా టేబుల్ దాకా వచ్చి, ఏదో అడగబోయి, "ఏం లేదు సార్" అని వెనక్కి వెళ్ళేవాడు. నేను దాన్ని వినయం అనుకునేవాణ్ణి.

వాళ్ళు ఆవిణ్ణి అక్కా అనేవారు. నన్ను సార్ అనేవారు. ఆవిడ డబ్బా తెరిస్తే అందరి చేతులూ అందులోనే ఉండేవి. నా క్యారేజీ నేను కిటికీ దగ్గర తినేవాణ్ణి. రైతుల ఫోన్లు కూడా నెమ్మదిగా అటు మళ్ళాయి. ఇదివరకు అవనిగడ్డ నుంచీ నాగాయలంక నుంచీ "సారూ, ఇంజను ఎయ్యమంటారా?" అని నాకే చేసేవారు. ఇప్పుడు ఎవరు ఫోను తీస్తే వాళ్ళే జవాబు చెప్పేస్తున్నారు. నా ఫోను మూగదై బల్ల మీద పడి ఉండేది. ఒకసారి పాడైందేమోనని మా ఆవిడ చేత దానికి ఫోను చేయించుకుని చూసుకున్నాను కూడా.

అన్నిటికంటే నన్ను కాల్చేసింది క్రిస్మస్. ఆవిడ సెలవు పెట్టి ఊరికి వెళ్ళింది. వెళ్ళేముందు ఎవరికీ ఏమీ అప్పగించలేదు, ఏ హెచ్చరికలూ చెయ్యలేదు. "వచ్చేటప్పుడు కజ్జికాయలు తెస్తా" అని మాత్రం అంది. ఆవిడ లేనన్నాళ్ళూ నేను రోజూ పెందరాళే ఆఫీసుకు వెళ్ళి, ఏదో ఒకటి ఆగిపోతుందని ఎదురుచూశాను. ఏదీ ఆగలేదు. ఒకరోజు చిన్న తేడా వస్తే కుర్రవాళ్ళే చూసుకున్నారు. ఎవడూ ఆవిడకు ఫోను చెయ్యలేదు. ఎవడూ నా దగ్గరకు రాలేదు.

పొగడ్తలకు కుళ్ళుకునేవాళ్ళను మీరు చూసి ఉంటారు. నేను ఒక మనిషి సెలవుకు కుళ్ళుకున్నాను. నిశ్చింతగా వెళ్ళి, నిశ్చింతగా కజ్జికాయలు పట్టుకుని తిరిగి వచ్చిందే, ఆ నిశ్చింతకు. నాకది ఎన్నడూ లేదు. ఉండాలని కూడా తెలియదు.

ఆ వేసవిలో ఒక బుధవారం నా పాత ప్రోగ్రాములో మిగిలిన ఆఖరి ముక్క చదివారు. చదివేది ఆ పల్లెకారుల కుర్రవాడే. వరసగా చెప్పుకుంటూ వచ్చి ఆగాడు.

"స్తంభం దగ్గర కొలతకు ఇక్కడ ఒక అంకె కలుపుతున్నారు. ఎందుకో తెలీట్లేదు."

ఎందుకో చెబుతాను. అంతకు చాలాకాలం క్రితం ఒక తుఫానులో ఆ స్తంభం పడిపోయింది. కాంట్రాక్టరు కొత్త దిమ్మ కట్టి దాన్ని నిలబెట్టాడు. దిమ్మ మునుపటికంటే జానెడు ఎత్తు. స్తంభం పైకి లేచింది కాబట్టి నీళ్ళు ఉన్నదానికంటే జానెడు తక్కువగా కనిపిస్తాయి. నేను స్వయంగా వెళ్ళి, మోకాటి లోతు బురదలో దిగి కొలిచి వచ్చాను. వచ్చి ప్రోగ్రాములో ఆ జానెడు కలిపేశాను. ఎందుకు కలిపానో పక్కన రాయలేదు. నాకు తెలుసుగా, ఇంకెవరికి కావాలి?

నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు. కూర్చున్నాను. వాళ్ళు తర్జనభర్జన పడ్డారు. గడిచిన రెండేళ్ళ లెక్కలు తీసి, అంకె ఉంచీ, తీసేసీ నడిపి చూశారు. రెండిటికీ ఒకే జవాబు వచ్చింది. రాక ఏం చేస్తుంది? ఆ రెండేళ్ళూ ఎగువ నుంచి నీళ్ళు ముందే వచ్చాయి, ఉప్పునీరు లోపలికి ఎక్కనే లేదు. నీళ్ళు తక్కువైన ఏడు అమావాస్య పోటు వస్తేనే ఆ జానెడు తేడా బయటపడుతుంది. అదీ నాకు తెలుసు.

చివర్లో ఆవిడ నా వైపు తిరిగింది. "సార్, ఇప్పుడు మీ వంతు. ఈ అంకె ఏంటి సార్?"

అందరూ నా వైపు చూశారు. ఎన్నాళ్ళకో అందరూ నా వైపు చూశారు. చెప్పేస్తే వాళ్ళు "ఓహో" అని, పక్కన ఒక వాక్యం రాసుకుని, ముందుకు వెళ్ళిపోతారు. నా తలలో మిగిలిన ఆఖరి సంగతి కూడా వాళ్ళదైపోతుంది.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

ఆవిడ వెంటనే తీసెయ్యలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక నా టేబుల్ దగ్గరకు వచ్చి నిలబడింది. "ఇంకోసారి గుర్తు చేసుకోండి సార్. తొందరేం లేదు. అర్థం కాకుండా తీసెయ్యాలంటే నాకు మనసొప్పట్లేదు."

"అప్పట్లో ఏదో పరీక్షకు పెట్టుంటాను. తీసెయ్యమ్మా, ఏం కాదు."

"మీరన్నారుగా సార్, చాలు" అంది.

మర్నాడు ఆ కుర్రవాడు తీసేశాడు. ఆవిడ చూసి సరేనంది.

నా ఆలోచన ఏమిటో కూడా చెప్పాలి కదా. రైతులకు చెడు జరగాలని నేను కోరుకోలేదు. ఎప్పుడో ఒకరోజు జవాబు తేడాగా వస్తుంది, లోపలే పట్టుకుంటారు, గాభరాపడతారు, నా దగ్గరకు వస్తారు. నేను కళ్ళజోడు సవరించుకుని, "ఏదీ, చూడనివ్వండి" అంటాను. అంతే. అంతమాత్రం సుఖం కోసం చేశాను.

మరుసటి ఏడు ఎగువ నుంచి నీళ్ళు రాలేదు. నారుమళ్ళ వేళ అమావాస్య వచ్చింది. నేను గుడివాడలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఫోనుకు సందేశం వచ్చింది. ఈ వారం డ్రెయిను నీళ్ళు తోడుకోవచ్చు అని. చూడగానే తప్పని తెలిసిపోయింది. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేతిలోనే ఉంది ఫోను. వాళ్ళే చేస్తారేమో చూద్దాం అనుకున్నాను. తోడేముందు రైతు నీళ్ళు నోట్లో పోసుకుని రుచి చూస్తాడులే అని కూడా సర్దిచెప్పుకున్నాను. మా దివిసీమలో తరతరాలుగా ఉన్న అలవాటే అది. కానీ మా ప్రోగ్రాము ఏళ్ళ తరబడి తప్పు చెప్పకపోయేసరికి వాళ్ళు రుచి చూడటం మానేశారన్న సంగతి నాకు తట్టలేదు. "అన్నం వడ్డించాను, తిను" అంది మా చెల్లెలు. తిన్నాను.

తర్వాతి వారం రైతులు బందరు వచ్చారు. ఆటోల్లో వచ్చి నేరుగా మా పెద్దాఫీసరు గదిలోకి వెళ్ళారు. అందరినీ పిలిపించారు. ఒక కౌలు రైతు, నాకు బాగా తెలిసినవాడు, కొసలు మాడిన నారుకట్ట తెచ్చి టేబుల్ మీద పడేశాడు.

"అమ్మా, మీ ఫోనేమో తియ్యటి నీళ్ళంది. మా నారేమో ఉప్పుచేపయ్యింది. ఏం చేసుకోమంటారు, పులుసెట్టుకోమంటారా?"

ఆవిడ కూడా ఆ సీమ మనిషే. నారుకట్ట చేతిలోకి తీసుకుంది. "తప్పు మాదేనండి" అంది.

పెద్దాఫీసరు ఉలిక్కిపడ్డాడు. "ఏంటమ్మా, అలా ఒప్పేసుకుంటున్నారు? ఇంకా విచారించాలి కదా."

"విచారించేదేముందండి? మేం తోడుకోమన్నాం, వాళ్ళు తోడుకున్నారు. ఎక్కడ తప్పిందో చూస్తున్నాం. దొరికాక వచ్చి వీళ్ళకు చెప్తాం."

ఆ రైతు నా వైపు తిరిగాడు. "సారూ, మీరు చూసుకున్నన్నాళ్ళూ ఒక్క మడి పోయిందా చెప్పండి. ఆడపిల్ల చేతిలో పెట్టేసి మీరిలా కూర్చుంటే ఎట్టాగండీ?"

ఆ మాట నాకు తియ్యగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తున్నాను. ఎదురుగా మాడిన నారు, ఎదురుగా దాన్ని పోసుకున్న మనిషి. నా గుండెలో మాత్రం చల్లగా పానకం పోసినట్టయింది.

"కిందటేడు ఏదో తీసేశారట కదా. ఎవరు తీశారు?" అన్నాడు పెద్దాఫీసరు.

పల్లెకారుల కుర్రవాడు ముందుకు వచ్చాడు. పెదాలు వణుకుతున్నాయి. "నేనేనండి. నేనే తీశా."

"నువ్వు కాదురా, మనం" అంది ఆవిడ.

"మనం అంటే ఎవరండీ? జీతం మనం అన్న పేరుతో తీసుకుంటున్నారా? ఒక పేరు చెప్పండి."

"అయితే నా పేరు రాసుకోండి. సరేనన్నది నేనే."

నేను తలుపు పక్కనే ఉన్నాను. ఆవిడ ఒక్కసారి, ఒక్క క్షణం, నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అడుగుతున్నట్టుంది. బుధవారం చివర్లో అడిగినట్టే. నేను నారుకట్ట వైపు చూశాను.

ఆ సాయంత్రమే ప్రోగ్రామును నా చేతికి తిరిగి ఇచ్చారు. అంకె మళ్ళీ పెట్టాను. చిటికెలో బాగైపోయింది. ఆఫీసులో ఆ మాటే పాకింది. ఆవిణ్ణి గుడివాడలో ఉన్న మా చిన్న శాఖకు పంపేశారు, మట్టి పరీక్షల లెక్కలు చూసుకోమని. బుధవారాలు ఆగిపోయాయి.

నెల తిరక్కుండానే ఆ కుర్రవాడు మానేశాడు. మెట్ల దగ్గర నాకు గది తాళాలిచ్చి, "ఈ పని నాకు రాదు సార్. మనుషుల నోట్లో మట్టి కొట్టే పని చేశా" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "తొందరపడకయ్యా, ఆలోచించుకో" అన్నాను. పెద్దమనిషిలా భుజం కూడా తట్టాను.

మిగిలిన ముగ్గురూ ఉన్నారు. కానీ ఇక ఎవరూ ఏదీ ముట్టుకునేవారు కాదు. ఏదైనా తేడాగా కనిపిస్తే నాకు చెప్పడం మానేశారు. చెప్పినవాడికి ఏమైందో చూశారు కదా. నా ఫోను మళ్ళీ మోగింది. అందరూ మళ్ళీ సార్ సార్ అన్నారు. అసూయపడటానికి ఇంక ఎవరూ లేరు. అయినా అది పోలేదు. సందడిగా ఉండాల్సిన ఆ బుధవారం గది తాళం చూస్తే, అక్కడ లేని నవ్వుల మీద కూడా నాకు అసూయగానే ఉండేది.

వెన్నునొప్పి వచ్చి, గడువుకు ముందే ఉద్యోగం వదిలేశాను. నాతోపాటు ప్రోగ్రామూ పడుకుంటుందని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. పడుకోలేదు. ఎవరూ ముట్టుకోడానికి సాహసించకపోతే గుడివాడ నుంచి ఆవిడే అడిగి తీసుకుందట. ఇప్పటికీ నా ఫోనుకు సందేశాలు వస్తూనే ఉన్నాయి. కిందటి ఏడు ఒక అమావాస్యకు వచ్చింది, ఈ వారం తోడవద్దు అని. కింద ఇంకో వాక్యం కూడా ఉంది. మాకు ఈ జవాబు మీద పూర్తి నమ్మకం లేదు, తోడేముందు దయచేసి రుచి చూడండి అని. నా కాలంలో నేను చచ్చినా ఆ వాక్యం పెట్టి ఉండేవాణ్ణి కాదు. దాన్ని చాలాసేపు చదివాను. ఆ తర్వాత గుడివాడ రైలెక్కాను.

గుడివాడ శాఖ అంటే రెండు గదులు. ఒక గదిలో నేను ఎప్పుడూ చూడని పిల్లలు నలుగురు ఏదో వాదించుకుంటున్నారు. ఒకమ్మాయి గట్టిగా, "నాకర్థం కాలేదంటే నువ్వు మళ్ళీ రాయాల్సిందే, అంతే" అంటోంది. ఆవిడ వరండాలో కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చింది. జుట్టు కొంచెం నెరిసింది. నేను చెప్పడానికి వచ్చింది చెప్పాను. మధ్యలో ఆగకుండా, నేల చూస్తూ చెప్పాను.

"తెలుసు సార్" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? ప్రోగ్రాము మళ్ళీ మీ చేతికిచ్చిన రోజు మీరు ఎవరినీ ఏమీ అడగలేదు. స్తంభం దగ్గరకు వెళ్ళి చూడలేదు. కూర్చున్నారు, అంకె కొట్టారు, లేచారు. గుర్తులేని మనిషి అలా చెయ్యలేడు సార్."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ లోపలి గది వైపు చూసింది. "చెప్తే ఏమయ్యేది? తప్పు చేసినవాణ్ణి బజారుకీడుస్తామని మనమే నేర్పినట్టయ్యేది. ఇంక ఎవడు నోరు విప్పుతాడు సార్? చెప్పకపోయినా అదే జరిగింది, అందరూ మూగవాళ్ళయ్యారు." మళ్ళీ తనే అంది. "నాదీ ఒక తప్పుంది. అర్థం కానిదాన్ని ఒక మనిషి జ్ఞాపకం మీద వదిలేశా. మీరైనా, దేవుడైనా, అలా వదలకూడదు. ఇక్కడ పిల్లలకు అదే చెప్తా, మీ పేరు లేకుండా."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "నన్ను క్షమించమ్మా" అనబోయాను.

"నాకెందుకు సార్?" అంది, మెత్తగానే. "నాకు నిజం తెలుసుగా. తెలిసినవాళ్ళకు నిద్ర పడుతుంది. తెలియనివాడొకడున్నాడు. వాడికి చెప్పండి. నేను చెప్తే ఓదార్పు అనుకుంటాడు. మీరు చెప్తేనే నమ్ముతాడు."

"మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడా?"

"రెండుసార్లు పిలిచా. రానన్నాడు."

మర్నాడే వెళ్ళాను. బందరు నుంచి మంగినపూడి దారిలో ఆటో దిగి అడిగితే ఇల్లు చూపించారు. ఐసు మిల్లులో లెక్కలు రాస్తున్నాడట, మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. నన్ను చూసి గబగబా చేతులు కడుక్కుని కుర్చీ తెచ్చాడు. పెళ్ళయింది, ఒళ్ళు చేశాడు, కానీ ఆ భయం కళ్ళల్లో అలాగే ఉంది. వాళ్ళమ్మ వాకిట్లో పట్టా పరిచి ఎండుచేపలు ఏరుతోంది.

"కూచోండి బాబూ. మావోడి పెద్దసారంటగా మీరు. ఆ ఉద్యోగం అచ్చి రాలేదులెండి ఈడికి" అంది ఆమె, చేతులాపకుండా. "ఎవురో రైతుల నారు మాడగొట్టాడంట. తిండిగింజలు బాబూ, ఆ ఉసురు ఊరికే పోద్దా? కోడలికి రెండుసార్లు కడుపు నిలబళ్ళేదు."

"అమ్మా, ఊరుకో" అన్నాడు వాడు. తల వంచుకున్నాడు. కాదనలేదు. తల్లి అన్నది వాడూ నమ్ముతున్నాడని నాకప్పుడు అర్థమైంది.

నారుమళ్ళు ఆ ఏడే రెండోసారి పోసుకున్నారు. అవి మళ్ళీ పచ్చబడ్డాయి కూడా. ఇది మాత్రం ఇన్నేళ్ళూ ఈ వాకిట్లో మాడుతూనే ఉంది.

కుర్చీలో కూర్చుని చెప్పే మాట కాదనిపించింది. లేచి ఆమె దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

"అమ్మా, మీవాడు మాడగొట్టలేదు. అది తీసెయ్యచ్చా అని వాళ్ళు నన్ను అడిగారు. తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే తీసెయ్యమన్నాను. వీళ్ళంతా కలిసి నవ్వుకుంటూ పనిచేసుకుంటుంటే ఓర్వలేక అన్నాను. ఆ రోజు రైతుల ముందు మీవాడు వణుకుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఆ ఉసురంటూ ఉంటే నాది. మీ ఇంటికి రాదు."

ఆమె చేతులాగిపోయాయి. వాడు తలెత్తాడు.

వాడి వైపు తిరిగాను. "నువ్వు చదివింది సరిగ్గానే చదివావు. అర్థం కాలేదని సరిగ్గానే అడిగావు. జవాబు చెప్పవలసినవాణ్ణి నేను, అబద్ధం చెప్పాను. నీకు పని రాక జరిగింది కాదయ్యా అది, నా అబద్ధం వల్ల జరిగింది. నన్ను క్షమించు."